హాస్పిటల్ నర్సింగ్ స్కూలా, కమ్యూనిటీ కాలేజీయా: అమెరికాలో ఆర్‌ఎన్ కావాలనుకునే మనవాళ్లకు

పిల్లలు స్కూలుకి అలవాటు పడ్డాక, ఇంట్లో ఇంకో జీతం ఉంటే బాగుండు అనిపించాక, అమెరికాలో ఉన్న మన ఆడవాళ్లు చాలామంది నర్సింగ్ వైపు చూస్తారు. లేఆఫ్‌ల పుణ్యమా అని ఈ మధ్య మగవాళ్లూ అడుగుతున్నారు. నేను న్యూజెర్సీలో ఒక హాస్పిటల్లో ఆర్‌ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) పనిచేస్తున్నానని తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "అక్కా, మా దగ్గర హాస్పిటల్ వాళ్లే నడిపే నర్సింగ్ స్కూల్ ఒకటుంది, సీటు తొందరగా వస్తుందంటున్నారు. కమ్యూనిటీ కాలేజీలో పోటీ ఎక్కువట. ఏది తీసుకోమంటావు?" కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ల డిగ్రీలిచ్చే స్థానిక ప్రభుత్వ కాలేజీ.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ హాస్పిటల్ స్కూల్ చివర్లో చేతికిచ్చేది డిగ్రీయా, ఉత్తి డిప్లొమాయా అన్నది ముందు కనుక్కోండి. డిగ్రీ అయితే ఖర్చూ టైమూ చూసుకుని రెండింటినీ హాయిగా పోల్చుకోవచ్చు. ఉత్తి డిప్లొమా అయితే మాత్రం, అక్కడి క్రెడిట్లను ఫలానా యూనివర్సిటీ తీసుకుంటుందని కాగితం మీద చూపించేదాకా కమ్యూనిటీ కాలేజీనే నయం. సీటు ఒక ఏడాది ముందొచ్చిందన్న సంతోషం, తర్వాత బీఎస్‌ఎన్ (నర్సింగ్‌లో నాలుగేళ్ల బ్యాచిలర్స్ డిగ్రీ) కోసం ఆ చదివినవే మళ్లీ చదవాల్సి వస్తే మిగలదు.

అంతకన్నా ముందు ఇద్దరిని పక్కకి పిలవాలి. ఇండియాలో ఇప్పటికే జీఎన్‌ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసినవాళ్లు ఈ రెండింటిలో దేనికీ వెళ్లక్కర్లేదు. మీ చదువుని సీజీఎఫ్‌ఎన్‌ఎస్‌తో మదింపు చేయించుకుని (ఆ సంస్థ ఇప్పుడు ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది), మీరుండే రాష్ట్రం నర్సింగ్ బోర్డుకి దరఖాస్తు పెట్టి, నర్సు లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ రాయడమే మీ దారి. ఏదో ఒక సబ్జెక్టులో గంటలు తక్కువ పడ్డాయని బోర్డు అంటే ఆ ఒక్కటి పూర్తి చేసుకోవచ్చు. పదేళ్లు నర్సుగా పనిచేసి వచ్చి, ఎవరో చెప్పారని ఇక్కడ మొదటి సెమిస్టర్లో చేరి ఫీజు కట్టినవాళ్లని చూశాను, ప్రాణం ఉసూరుమంటుంది.

రెండోవారు బీటెక్ లాంటి నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు. మీకు మూడో దారి ఉంది. దాన్ని యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్ అంటారు. ప్రీ-రెక్విజిట్లు (నర్సింగ్‌లో చేరకముందు పూర్తి చేయాల్సిన సబ్జెక్టులు) అయ్యాక 12 నుంచి 18 నెలల్లో నేరుగా బీఎస్‌ఎన్ చేతికొస్తుంది. కానీ వీటిలో చాలా ప్రైవేటు యూనివర్సిటీలవి, ఫీజు గుండె గుభేలుమనిపిస్తుంది, ఆ ఏడాదంతా ఇంటి సంగతి ఇంకొకరు చూసుకోవాలి. అమ్మో అత్తగారో ఆర్నెల్లు వచ్చి ఉంటే తప్ప చిన్నపిల్లలున్నవాళ్లకి నేను సలహా ఇవ్వను.

ఈ రెండు దారులూ ఎక్కడ్నుంచి వచ్చాయి

అమెరికాలో నర్సింగ్ చదువు హాస్పిటళ్లలోనే పుట్టింది. 1873లో న్యూయార్క్ బెల్‌వ్యూ హాస్పిటల్లోనూ, న్యూ హేవెన్, బోస్టన్ ఊళ్లలోనూ ఫ్లారెన్స్ నైటింగేల్ పద్ధతిలో స్కూళ్లు మొదలయ్యాయి. తర్వాత దేశమంతా వందల్లో వచ్చాయి. హాస్టల్లో పెట్టుకుని, వార్డులో పని చేయించుకుంటూ చదువు చెప్పేవారు. మన దగ్గర జీఎన్‌ఎం స్కూళ్లు హాస్పిటళ్లకి అనుబంధంగా నడిచే పద్ధతిని చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. నర్సుల కొరత తీర్చడానికి రెండేళ్లలో కాలేజీలోనే నర్సుల్ని తయారు చేయొచ్చని కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో మిల్డ్రెడ్ మోంటాగ్ ప్రతిపాదించాక, 1952లో ప్రయోగంగా రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ మొదలైంది. అది కమ్యూనిటీ కాలేజీలకి అతికినట్టు సరిపోయింది. ఇక హాస్పిటల్ స్కూళ్లు ఒక్కొక్కటీ మూతపడుతూ వచ్చాయి. ఇప్పుడు మిగిలినవి కొద్దే. పెన్సిల్వేనియా, ఒహాయో, న్యూజెర్సీల్లో ఇంకా కనిపిస్తాయి. పెన్సిల్వేనియాలోని బెత్లెహేమ్‌లో 1884 నుంచి నడుస్తున్న సెయింట్ లూక్స్ స్కూల్, పిట్స్‌బర్గ్‌లో యూపీఎంసీ వాళ్ల స్కూళ్లు అలాంటివే. టెక్సాస్‌లో డిప్లొమా స్కూల్ అంటే లబ్బాక్‌లోని కవనెంట్ పేరే వినిపిస్తుంది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లున్నవాళ్లకి అది కారులో అయిదు గంటల దూరం, అంటే లేనట్టే లెక్క.

ఇంకో తిరకాసు ఉంది. "హాస్పిటల్ స్కూల్" అన్న పేరుతో ఉన్నవన్నీ ఇప్పుడు ఒకేలా లేవు. కొన్ని ఇంకా డిప్లొమానే ఇస్తున్నాయి. కొన్ని తామే కాలేజీగా మారి డిగ్రీలిస్తున్నాయి: నార్త్ కరోలినా డర్హమ్‌లో 1895లో పుట్టిన వాట్స్ స్కూల్ ఇప్పుడు బీఎస్‌ఎన్ ఇచ్చే కాలేజీ, ఒహాయో క్యాంటన్‌లో ఆల్ట్‌మన్ హాస్పిటల్ వాళ్ల కాలేజీ అసోసియేట్, బ్యాచిలర్స్ రెండూ ఇస్తుంది. ఇంకొన్ని పక్కనున్న కమ్యూనిటీ కాలేజీతో చేతులు కలిపాయి. మా న్యూజెర్సీలో ఎలిజబెత్‌లోని ట్రినిటాస్ స్కూల్ ఇలాంటిదే. నర్సింగ్ క్లాసులు హాస్పిటల్ స్కూల్లో, సైన్సూ ఇంగ్లీషూ యూనియన్ కాలేజీలో. బయటికొచ్చేటప్పుడు స్కూల్ డిప్లొమా ఒకటి, కాలేజీ అసోసియేట్ డిగ్రీ ఒకటి, రెండూ చేతికొస్తాయి. ఇలాంటి జోడీ మీ దగ్గర ఉంటే ఇక్కడితో చదవడం ఆపి దరఖాస్తు తేదీలు చూసుకోండి, మిగతా బాధ మీకు సగం తీరినట్టే.

లైసెన్స్ విషయంలో మాత్రం తేడా లేదు. డిప్లొమా చేసినా, అసోసియేట్ చేసినా, నాలుగేళ్ల బీఎస్‌ఎన్ చేసినా అందరూ రాసేది ఒకే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. ఫీజు 200 డాలర్లు, తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, టైము అయిదు గంటలు. 2023 ఏప్రిల్ నుంచి పేషెంట్ కేసు మొత్తం ఇచ్చి నిర్ణయాలు అడిగే కొత్త రకం ప్రశ్నలు కలిశాయి. పాసైతే బ్యాడ్జి మీద "ఆర్‌ఎన్" అనే ఉంటుంది, ఎక్కడ చదివారో పేషెంట్ అడగడు.

క్రెడిట్లు ఎక్కడ చెల్లుతాయి

లైసెన్స్ ఒకటే అయినప్పుడు డిగ్రీ గొడవ ఎందుకంటే, హాస్పిటళ్లు అడుగుతున్నాయి కాబట్టి. 2020 కల్లా నర్సుల్లో 80 శాతం మందికి బ్యాచిలర్స్ ఉండాలని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010లో సిఫారసు చేసింది. అప్పట్నుంచి పెద్ద హాస్పిటళ్లు, ముఖ్యంగా మ్యాగ్నెట్ (నర్సింగ్ నాణ్యతకిచ్చే) గుర్తింపు ఉన్నవి, కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు బీఎస్‌ఎన్ ఉన్నవాళ్లకి మొగ్గు చూపుతున్నాయి, లేదా ఇన్నేళ్లలో పూర్తి చేస్తానని రాయించుకుంటున్నాయి. న్యూయార్క్ అయితే 2017లో చట్టమే చేసింది: కొత్తగా లైసెన్స్ తీసుకున్న ఆర్‌ఎన్ పదేళ్లలోపు బీఎస్‌ఎన్ చేయాలి. రేపు నర్స్ ప్రాక్టీషనర్ కావాలన్నా, మేనేజర్ కావాలన్నా అదే మెట్టు.

కాబట్టి ఈ రెండేళ్ల చదువుని మొదటి సగంగానే లెక్కేసుకోవాలి. రెండో సగం ఆర్‌ఎన్-టు-బీఎస్‌ఎన్, ఎక్కువగా ఆన్‌లైన్లో, ఉద్యోగం చేసుకుంటూ. మొదటి సగం దీనికి సాఫీగా అతుక్కుంటుందా లేదా అన్నదే అసలు తేడా.

కమ్యూనిటీ కాలేజీకి కాలేజీగా గుర్తింపు ఉంటుంది, అందుకే దాని క్రెడిట్లని ఆ రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలు తేలిగ్గా తీసుకుంటాయి, చాలాచోట్ల ముందే ఒప్పందాలుంటాయి. డిప్లొమా స్కూల్‌కి రాష్ట్ర బోర్డు అనుమతి, నర్సింగ్ ప్రోగ్రామ్‌గా ఏసీఈఎన్ (నర్సింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ) అక్రెడిటేషన్ ఉండొచ్చు. అవి ఉంటే ఎన్‌క్లెక్స్ రాయొచ్చు, చదువూ బాగానే ఉంటుంది. కానీ అనాటమీ కూడా స్కూల్లోనే చెప్పేసి ఉంటే, దానికి కాలేజీ క్రెడిట్ వస్తుందా అన్నది వేరే ప్రశ్న. కొన్ని యూనివర్సిటీలు ఆర్‌ఎన్ లైసెన్స్ చూసి నర్సింగ్ క్రెడిట్లు గంపగుత్తగా ఇచ్చేస్తాయి, ఇంగ్లీషూ స్టాటిస్టిక్సూ లాంటివి మాత్రం మళ్లీ చేయమంటాయి. అందుకే "ట్రాన్స్‌ఫర్ అవుతాయి మేడమ్" అని అడ్మిషన్ ఆఫీసులో నోటితో చెప్తే సరిపోదు. మీరు బీఎస్‌ఎన్ చేద్దామనుకునే యూనివర్సిటీ పేరు చెప్పి, వాళ్లతో ఒప్పందం కాగితం చూపించమనండి. ఆ యూనివర్సిటీకే ఈమెయిల్ పెట్టి అడిగితే ఇంకా మంచిది, జవాబు దాచుకోండి.

బీటెక్ ఉన్నవాళ్లకి ఇక్కడ కొంచెం వెసులుబాటు. డబ్ల్యూఈఎస్, ఈసీఈ లాంటి సంస్థలతో మార్కుల మదింపు చేయించి, అమెరికా బ్యాచిలర్స్‌తో సమానం అని వస్తే, చాలా ప్రోగ్రాములు జనరల్ సబ్జెక్టులు వదిలేస్తాయి. మూడేళ్ల బీఎస్సీ, బీకామ్‌లని మాత్రం కొన్ని సంస్థలు పూర్తి బ్యాచిలర్స్‌గా లెక్కించవు. ఫిజియాలజీ, మైక్రోబయాలజీ ఇండియాలో చదివామన్నా నమ్ముకోకండి. ఎక్కువ కాలేజీలు సైన్సు సబ్జెక్టులు అమెరికాలోనే, ల్యాబుతో సహా, గత అయిదేళ్లలోనో ఏడేళ్లలోనో చేసి ఉండాలంటాయి. బీఎస్సీ జువాలజీ చేసి పదిహేనేళ్లయినవాళ్లకి ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది.

డబ్బు, ఆ తర్వాత సంతకం

కమ్యూనిటీ కాలేజీ చౌక, అందులో వాదన లేదు. కాలేజ్ బోర్డు లెక్కల్లో 2024-25కి సొంత డిస్ట్రిక్టు విద్యార్థులకి సగటు ట్యూషన్ ఏడాదికి 4,050 డాలర్లు. నర్సింగ్‌కి ల్యాబు ఫీజులు, పరీక్షల ప్యాకేజీ, యూనిఫామ్, స్టెతస్కోప్ వేసుకున్నా ప్రైవేటు యూనివర్సిటీ దరిదాపుల్లోకి రాదు. డిప్లొమా స్కూళ్లు సాధారణంగా ఈ రెండింటి మధ్యలో ఉంటాయి. "సొంత డిస్ట్రిక్టు" అన్న మాట గుర్తుంచుకోండి. వీసా మీద ఉన్నవాళ్లని స్థానికులుగా లెక్కించాలా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సాస్‌లో హెచ్-1బి ఉద్యోగ వీసా వాళ్లు, వాళ్ల మీద ఆధారపడి హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్లు ఏడాది నివాసం చూపించి స్థానిక ఫీజు కట్టొచ్చు. అన్ని రాష్ట్రాలూ ఇలా లేవు.

ఫెడరల్ సాయం గురించి భ్రమలు వద్దు. ఎఫ్‌ఏఎఫ్‌ఎస్‌ఏ దరఖాస్తు నింపి సాయం పొందేది పౌరులు, గ్రీన్ కార్డువాళ్లు, ఇంకా కొద్దిమంది. హెచ్-4కి రాదు. గ్రీన్ కార్డు వచ్చినా, ఇండియాలో బ్యాచిలర్స్ చేసి ఉంటే పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని సాయం) రాదు, లోను మాత్రమే. ఇది తెలియక లెక్కలు వేసుకుని కూర్చున్న ఇళ్లు ఎన్నో.

హాస్పిటల్ స్కూళ్ల అసలు ఆకర్షణ ఇక్కడే ఉంది. "ఫీజులో పెద్ద భాగం మేమే భరిస్తాం, చదువయ్యాక మా దగ్గర ఇన్నేళ్లు పనిచేయండి" అంటారు. గ్రీన్ కార్డు ఉండి, సొంతిల్లు కొనుక్కుని, పిల్లలు హైస్కూల్ దాకా ఇక్కడే అనుకున్నవాళ్లకి ఇది బంగారం లాంటి అవకాశం. ఉద్యోగం ఖాయం, అప్పు లేదు. కానీ మన ఇళ్లు అన్నీ అలా స్థిరంగా ఉండవు కదా. ఆయన ప్రాజెక్టు షార్లెట్ నుంచి సియాటెల్‌కి మారితే మీ మూడేళ్ల బాండు ఏమవుతుంది?

ఆ కాగితంలో నేనైతే వీటిని వెతుకుతాను. మధ్యలో వదిలేస్తే మొత్తం డబ్బు తిరిగి కట్టాలా, పనిచేసిన నెలలకి తగ్గిస్తారా. వడ్డీ ఉందా. ఒక్కసారే కట్టాలా, వాయిదాలా. ఎన్‌క్లెక్స్ మొదటిసారి పోతే ఒప్పందం నిలబడుతుందా. ఏ హాస్పిటల్లో, ఏ యూనిట్లో అన్నది మీ ఇష్టమా, వాళ్లిష్టమా. నెట్‌వర్కులో పది హాస్పిటళ్లుంటే యాభై మైళ్ల దూరంలో నైట్ షిఫ్ట్ ఇచ్చినా కాదనలేని పరిస్థితి రావొచ్చు. ఆ సంస్థని ఇంకో సంస్థ కొంటే ఏంటి. ఈ ఆఖరి ప్రశ్న అడిగితే అడ్మిషన్ వాళ్లు కొంచెం చిరాకు పడతారు, పడనివ్వండి. హాస్పిటళ్లు అమ్ముడుపోవడం, కలిసిపోవడం ఇక్కడ రోజూ వినేదే, అలాంటప్పుడు మొదట మూతపడేది లాభం తేని స్కూలే. మా ఫ్లోర్‌లో పనిచేసే ఒకావిడ చదివిన డిప్లొమా స్కూల్ ఆవిడ పాసైన తర్వాత మూతపడింది. వేరే రాష్ట్రానికి లైసెన్స్ మార్చుకునేటప్పుడు పాత ట్రాన్స్‌క్రిప్టుల కోసం ఆవిడ పడ్డ తిప్పలు ఫ్లోర్ అంతటికీ తెలుసు.

మొదట్లోనే బాండు రాయకుండా హాస్పిటల్ డబ్బుతో చదివే పద్ధతి ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ చేసి, ఉద్యోగంలో చేరి, హాస్పిటల్ ఉద్యోగులకిచ్చే ట్యూషన్ సాయంతో బీఎస్‌ఎన్ చేయడం. ఏడాదికి 5,250 డాలర్ల వరకు ఈ సాయం మీద ఉద్యోగికి ఫెడరల్ ట్యాక్స్ పడదు, అందుకే చాలా హాస్పిటళ్లు సరిగ్గా అంతే ఇస్తాయి. చౌక ఆన్‌లైన్ ప్రోగ్రామ్ అయితే రెండేళ్లకి చాలావరకు సరిపోతుంది. ఇక్కడా కొన్నాళ్లు ఉండాలనే షరతు ఉంటుంది గానీ, అప్పటికి మీకు లైసెన్సూ జీతమూ రెండూ ఉంటాయి.

వీసా

హెచ్-4 మీద చదువుకోవచ్చు, ఫుల్‌టైమ్ అయినా పార్ట్‌టైమ్ అయినా. పని చేయాలంటే ఈఏడీ (పని అనుమతి కార్డు) కావాలి, అది భర్త లేదా భార్య హెచ్-1బికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం వచ్చి ఉంటేనో, ఆరేళ్లు దాటి పొడిగింపులో ఉంటేనో వస్తుంది. 2015 నుంచీ నియమం ఇదే. ఈఏడీ లేనివాళ్లు పని ఒప్పందంతో ముడిపెట్టిన హాస్పిటల్ స్కూల్ జోలికి వెళ్లకండి. చదువైపోయిన రోజున వాళ్లకి ఉద్యోగి కావాలి, మీకు పని చేసే హక్కు ఉండదు, బాకీ మాత్రం ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే మల్టీ-స్టేట్ లైసెన్స్ (ఒక్కదానితో చాలా రాష్ట్రాల్లో పనిచేసే వీలున్నది) కూడా రాదు. ఇల్లు మారే కుటుంబాలకి ఆ లైసెన్స్ గొప్ప సదుపాయం. టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఒహాయో అన్నీ అందులో ఉన్నాయి, కాలిఫోర్నియా, న్యూయార్క్ లేవు.

"నర్సు అయితే గ్రీన్ కార్డు తొందరగా వస్తుందట కదా" అన్నది మన పార్టీల్లో తరచూ వినే మాట. నర్సులు షెడ్యూల్ ఎ (కొరత ఉన్న వృత్తుల జాబితా) కింద వస్తారు కాబట్టి లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి ఇక్కడివాళ్లు దొరకలేదన్న రుజువు) మెట్టు తప్పుతుంది, అంతే. ఆ తర్వాత ఈబీ-3 గ్రీన్ కార్డు కేటగిరీలో ఇండియావాళ్ల క్యూ క్యూయే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చి రెండేళ్ల నర్సింగ్ చేద్దామనుకునే పిల్లలకి ఒక్క మాట: ఆ వీసాకి కావాల్సిన ఐ-20 కాగితం ఇవ్వడానికి అనుమతి ఉన్న స్కూలే కావాలి, చిన్న హాస్పిటల్ స్కూళ్లకి అది ఉండకపోవచ్చు. అసోసియేట్‌తో హెచ్-1బి దొరకడం దాదాపు అసాధ్యం. అక్కడే బీఎస్సీ నర్సింగ్ చేసి ఎన్‌క్లెక్స్ రాయండి, హైదరాబాద్‌లోనే పరీక్ష కేంద్రం ఉంది.

సీటు, ఆ తర్వాత రోజులు

కమ్యూనిటీ కాలేజీలో చేరడం తేలిక, నర్సింగ్‌లో చేరడం కష్టం. ఈ రెండూ వేరని మొదట్లో చాలామందికి అర్థం కాదు. అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, ఇంగ్లీషు, సైకాలజీ అయ్యాక, టీస్ గానీ హెసీ గానీ ప్రవేశ పరీక్ష రాసి, పాయింట్లు లెక్కగట్టి అప్పుడు సీటు. అనాటమీలో బి వస్తే కొన్ని కాలేజీల్లో ఆ ఏడాది సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే. కొన్నిచోట్ల సీఎన్‌ఏ (నర్సింగ్ అసిస్టెంట్) సర్టిఫికెట్‌కి అదనపు పాయింట్లుంటాయి, అది చేయడం ఎలాగూ మంచిదే: పేషెంట్‌ని మంచం మీద పక్కకి తిప్పి శుభ్రం చేయడం మీవల్ల అవుతుందో లేదో వేల డాలర్లు పోయకముందే తెలిసిపోతుంది. హాస్పిటల్ స్కూళ్లలో బ్యాచిలు చిన్నవి, ఇంటర్వ్యూ కూడా ఉండొచ్చు. వయసు, పాత ఉద్యోగం, ఎందుకు ఈ వృత్తి అన్నవి చెప్పుకునే అవకాశం దొరుకుతుంది. పాయింట్ల పట్టికలో నెగ్గలేని నలభై ఏళ్లావిడకి అది మేలు చేయొచ్చు.

క్లినికల్స్ (పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ) దగ్గర మాత్రం డిప్లొమా స్కూళ్లని మెచ్చుకోకుండా ఉండలేను. అక్కడ మొదటి టర్మ్ నుంచే వార్డు, అదీ ఒకే హాస్పిటల్. మందుల గది ఎక్కడుందో, ఏ డాక్టర్‌కి ఎలా ఫోన్ చేయాలో, కంప్యూటర్లో చార్టింగ్ ఎలా చేయాలో ఆఖరి టర్మ్‌కి చేతికి వచ్చేస్తుంది. మేనేజర్ మిమ్మల్ని పేరుతో పిలుస్తుంది. నేను కమ్యూనిటీ కాలేజీలో చదివాను. ఒక సెమిస్టర్ నర్సింగ్ హోమ్, ఒకటి పిల్లల యూనిట్, ఒకటి ముప్పై మైళ్ల అవతలి హాస్పిటల్. ప్రతిచోటా మొదటి వారం బాత్రూమ్ ఎక్కడో వెతుక్కోవడమే. రకరకాల చోట్లు చూడటం వల్ల ఇంటర్వ్యూల్లో మాట్లాడటానికి సరుకు దొరికింది, నిజమే. కానీ ఉద్యోగంలో మొదటి ఆర్నెల్లు నా పక్కనున్న డిప్లొమా ఆవిడ చెయ్యి నా చెయ్యికన్నా చురుగ్గా ఉండేది.

ఇంటి టైమ్‌టేబుల్ సంగతి రెండుచోట్లా ఒకటే బాధ. క్లినికల్ ఆరున్నరకో పావు తక్కువ ఏడుకో మొదలవుతుంది, ఏడింటికి రిపోర్టు. డేకేర్ తలుపు తెరిచేది ఎక్కువచోట్ల ఆరున్నర తర్వాతే. పిల్లల్ని దించేది ఎవరు అన్న ప్రశ్నకి జవాబు లేకుండా చేరితే రెండో వారంలోనే తెలుస్తుంది. ఆలస్యాన్ని గైర్హాజరుగా లెక్కిస్తారు, గైర్హాజరులు రెండు మూడు దాటితే కోర్సే పోతుంది. హాస్పిటల్ స్కూల్లో కనీసం ప్రతి సెమిస్టర్‌కీ దారి మారదు, అందుకే ఇంటి పక్కనే స్కూల్ ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

పాస్ మార్కు 75, 77, 78 అలా ఉంటుంది. మన లెక్కల్లో డిస్టింక్షన్ మార్కు ఇక్కడ గట్టెక్కే మార్కు. ప్రతి సెమిస్టర్ మందుల డోసు లెక్కల పరీక్ష పెడతారు, 90 శాతమో, కొన్నిచోట్ల నూటికి నూరో రావాలి. లెక్కలంటే మనకి భయం లేదు, కానీ 5 మిల్లీగ్రాములని 5.0 అని రాస్తే తప్పు, చుక్క కనపడకపోతే 50 అవుతుంది కాబట్టి. .5 అన్నా తప్పే, 0.5 అనాలి. ఇంజనీరింగ్ చదివినవాళ్లే ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు. సిద్ధాంతం పరీక్షల్లో నాలుగు జవాబులూ సరైనవే ఉంటాయి, నలుగురు పేషెంట్లలో ముందు ఎవరి గదిలోకి వెళ్తావు అని అడుగుతారు. బట్టీ పనికిరాదు. రెండుసార్లు ఫెయిలైతే ప్రోగ్రామ్ నుంచి పంపేసే చోట్లు చాలా ఉన్నాయి, ఆ నిబంధన ఏ స్కూల్లో ఎలా ఉందో హ్యాండ్‌బుక్‌లో చూడండి. ఎన్‌క్లెక్స్ పాస్ శాతాలు రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్లో స్కూళ్లవారీగా ఉంటాయి. అవి చూసేటప్పుడు, చేరినవాళ్లలో ఎంతమంది ఆఖరిదాకా మిగిలారో కూడా అడగండి. సగం మందిని మధ్యలో తీసేసి నూటికి నూరు పాస్ అని చెప్పుకోవడం కష్టమేం కాదు.

ఎవరికి ఏది

జీతం చూసి ఎంచుకునే పని లేదు. 2024 మే లెక్కల్లో అమెరికా మొత్తమ్మీద ఆర్‌ఎన్‌ల మధ్యస్థ జీతం ఏడాదికి 93,600 డాలర్లు, మొదటి ఉద్యోగంలో డిప్లొమాకీ అసోసియేట్‌కీ తేడా చూపించే హాస్పిటల్ నాకు తెలిసి లేదు. బీఎస్‌ఎన్‌కి గంటకి కొంచెం ఎక్కువిచ్చేవి ఉన్నాయి.

హెచ్-4, ఈఏడీ లేదు: కమ్యూనిటీ కాలేజీ, అదీ ప్రీ-రెక్విజిట్లు మెల్లగా, ఒక్కో సెమిస్టర్‌కి ఒకటి రెండు చొప్పున. ఐ-140 ఆమోదం వచ్చే టైముకి నర్సింగ్ కోర్సులో ఉండేలా చూసుకోండి.

ఈఏడీ ఉంది, కానీ ఆయన ఉద్యోగం కాంట్రాక్టు, ఎప్పుడు ఎక్కడికి వెళ్తారో తెలియదు: కమ్యూనిటీ కాలేజీయే. నర్సింగ్ క్లాసులు మొదలయ్యాక ఒక స్కూల్ నుంచి ఇంకో స్కూల్‌కి మారడం ఎలాగూ దాదాపు కుదరదు, కనీసం ప్రీ-రెక్విజిట్లైనా మీ వెంట వస్తాయి. బాండు మాత్రం పెట్టుకోకండి.

గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉంది, ఇల్లు ఉంది, పక్కనే డిగ్రీ ఇచ్చే హాస్పిటల్ కాలేజీయో ట్రినిటాస్ లాంటి జోడీయో ఉంది, ఫీజు కూడా వాళ్లు చూసుకుంటామంటున్నారు: నేను మీ స్థానంలో ఉంటే హాస్పిటల్ వైపే వెళ్తాను. అదే ఉత్తి డిప్లొమా అయితే, ఆర్‌ఎన్-టు-బీఎస్‌ఎన్ ఒప్పందం చూపించి, ఫీజు కమ్యూనిటీ కాలేజీకి దగ్గర్లో ఉంటేనే. నలభై అయిదు దాటి, బీఎస్‌ఎన్ ఆలోచన లేదు, నర్సింగ్ హోమ్‌లోనో డయాలిసిస్ సెంటర్‌లోనో పగటిపూట ఉద్యోగం చాలు అనుకునేవాళ్లకి ఏ స్కూలైనా ఒకటే, సీటు ముందొచ్చిన దాంట్లో చేరిపోవచ్చు.

ఏ స్కూలైనా చేరేముందు కాగితాల ఫైలు ఒకటి అడుగుతుంది: బీఎల్‌ఎస్ (సీపీఆర్ శిక్షణ) కార్డు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్టు, ఎమ్‌ఎమ్‌ఆర్, చికెన్‌పాక్స్, హెపటైటిస్ బి టీకాల రుజువు. చిన్నప్పుడు వేసిన టీకాల కార్డు మన ఇళ్లలో ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి రక్తపరీక్షతో టైటర్లు (ఒంట్లో ఆ రోగనిరోధక శక్తి ఉందన్న రుజువు) చూపించడం తేలిక. హెపటైటిస్ టీకా మళ్లీ వేయించుకోవాల్సి వస్తే ఆరు నెలలు పట్టొచ్చు, ముందే మొదలుపెట్టండి. టీబీకి చర్మం మీద చేసే పరీక్ష మాత్రం వద్దనండి. మనకి పుట్టగానే వేసిన బీసీజీ వల్ల చెయ్యి వాచి పాజిటివ్ చూపించే అవకాశం ఉంది, ఆపైన ఎక్స్‌రే, డాక్టర్ లెటర్, టెన్షన్. క్వాంటిఫెరాన్ రక్తపరీక్ష చేయమని అడగండి, దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు.